రాసిస్తే భూమి పోతదన్న భయం ఎక్కడిది? ఖాజాగూడ చుట్టూ కౌలు చరిత్ర

ఈసారి పోస్టు జర పొడుగు ఉంటది. పొద్దుమీకి తీరిగ్గా కూసున్నప్పుడు చదవండి.

ఉగాది ముందు మన ఊర్లల్ల కౌలు మాటలు నడుస్తయి. ఎకరానికి ఎంత, పైసలు ముందా పంట ఇంటికొచ్చినంక ఇయ్యాల్నా, మోటరు కాలితే ఎవరు చేయించాలె, అన్నీ మాట్లాడుకుంటరు. ఆఖర్న కౌలుదారు "అన్నా, ఒక కాగితం రాసుకుందామా" అన్నడనుకోండి, పట్టాదారు ముఖం మారిపోతది. "వద్దు తమ్మీ, రాసిస్తే భూమి పోతదంట" అంటడు. ఎవరి భూమి పోయింది, ఎప్పుడు పోయింది అని అడిగితే చెప్పలేడు. వాళ్ల నాయిన చెప్పిండు, వాళ్ల నాయినకు వాళ్ల తాత చెప్పిండు.

నాకు సొంతం రెండెకరాల పది గుంటలు. ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తున్న. అందుకే రెండు దిక్కుల మాటా వింట. ఈ భయం వట్టిగ పుట్టలేదు. దాని వెనక డెబ్బయి అయిదేండ్ల కథ ఉంది. ఆ కథ చెప్పాలంటే ఖాజాగూడకు పోవాలె. హైటెక్ సిటీ పక్కన ఖాజాగూడకు ఏం కౌలు అనకండి. మా మేనత్తను ఇచ్చిన ఊరు కాబట్టి నాకు కొంత ఎరుక. గుట్ట కింద చెరువు, చెరువు కింద మడులు ఉండె. ఇప్పుడు గుట్ట మిగిలింది, చెరువు కొంత మిగిలింది.

ముందు ఆ చుట్టుపక్కల ఊర్ల పేర్లు చూడండి. ఖాజాగూడ దాటితే రాయదుర్గం. కానీ రెవెన్యూ కాగితాల్లో ఒక్క రాయదుర్గం లేదు. రాయదుర్గ్ పన్‌మక్తా ఉంది, రాయదుర్గ్ పైగా ఉంది, రాయదుర్గ్ నౌఖల్సా ఉంది. ఇటు దిగితే మణికొండ జాగీర్ ఒకటి, మణికొండ ఖల్సా ఒకటి. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయే సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఈ తోకలు ఎందుకున్నయో తెలువదు. అవి మన తాతల కౌలు రసీదులు. పక్కపక్కన ఉన్న ఊర్లల్ల ఏ ఊరి రైతు ఎవరికి శిస్తు కట్టేటోడో ఆ తోకనే చెప్తది.

ఖల్సా అంటే సర్కారు ఊరు. రైతు శిస్తు సీదా నిజాం ప్రభుత్వ ఖజానాకు పోతది. నౌఖల్సా అంటే తర్వాత ఖల్సాలో కలుపుకున్నది. జాగీర్ అంటే ఆ ఊరి శిస్తు వసూలు చేసుకునే హక్కు ఒక మనిషికో, ఒక దర్గాకో రాసిచ్చినది. పైగా అంటే నిజాం తర్వాత అంత పెద్ద ఉమ్రావుల ఇలాకా. ఒకప్పుడు ఫౌజును పోషించడానికి వాళ్లకు ఊర్లు ఇచ్చిండ్రు. పన్‌మక్తా అంటే ఊరి మీద ఇంత అని ఒక్క మొత్తం ఖాయం చేసి, అది సర్కారుకు కట్టి మిగిలింది నువ్వు తినుపో అన్నట్టు ఇచ్చినది. మనం ఇప్పటికీ "ఎకరం మక్తకు పట్టిన" అంటం గదా, ఆ మక్తే. పంట పండినా ఎండినా ఖాయం చేసిన పైసలు ఇచ్చుడు మక్త, పండినదాంట్ల పాలు పంచుకునుడు బటాయి.

పాత హైదరాబాదు రాజ్యంలో నూటికి అరవై వంతులు దివానీ అంటే సర్కారీ భూమి, ముప్పై వంతులు జాగీర్ల కింద, పది వంతులు నిజాం సొంత ఖర్చులకు, దాన్నే సర్ఫ్-ఎ-ఖాస్ అంటరు. పట్నం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా ఆ సర్ఫ్-ఎ-ఖాస్ ఇలాకానే. అంటే మన దిక్కు రైతుకు పై మాలిక్‌లు ఎక్కువ, సర్కారు తక్కువ.

ఇక్కడ ఒక ముచ్చట మంచిగ పట్టుకోవాలె, ఇది తెలువకనే ఇప్పటికీ కోట్ల రూపాయల దావాలు నడుస్తున్నయి. జాగీర్దారు భూమికి మాలిక్ కాదు. ఆయనకు ఇచ్చింది శిస్తు తినే హక్కు. భూమి దున్నేటోడు వేరే. దున్నేటోని పైన పట్టాదారు, పట్టాదారు పైన జాగీర్దారు, ఆయన పైన నిజాం. ఇట్ల ఒక్క మడి మీద నలుగురి పేర్లు. అందులో అడుగున ఉన్నోడు షిక్మీదారు, ఆయన కింద కూడా నోటి మాట మీద చేసుకునేటోడు అసామీ షిక్మీ. ఆయన పేరు ఎక్కడా లేదు. ఊర్ల పట్వారీ రాస్తే ఉన్నట్టు, రాయకుంటే లేనట్టు.

నిజాం సర్కారుకు కూడా ఇది తెలువక కాదు. 1354 ఫస్లీలో అసామీ షిక్మీల చట్టం ఒకటి తెచ్చింది. (ఫస్లీకి 590 కలిపితే మనకు ఇంగ్లీషు సంవత్సరం వస్తది. అంటే 1944-45 అన్నట్టు. పాత పహాణీలు చూసేటోళ్లు ఈ లెక్క యాద్ పెట్టుకోండి.) ఆ చట్టం దాదాపు కాగితం మీదనే ఉండిపోయింది. అమలు చేయాల్సింది పటేలు, పట్వారీ, దేశ్‌ముఖులు. అమలైతే నష్టపోయేది కూడా వాళ్లే.

చాకలి ఐలమ్మ పేరు తెలువనోళ్లు లేరు. కానీ ఆమె కౌలుదారు అన్న సంగతి చాలామంది మరిచిపోతరు. పాలకుర్తిలో ఆమె మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు పట్టి చేసుకుంటుండె. విసునూరు దేశ్‌ముఖు ఆ పంటను, ఆ భూమిని తనదనిపించుకోవడానికి మనుషులను పంపితే ఆమె, సంఘపోళ్లు కొట్లాడి వడ్లు ఇంటికి తెచ్చుకున్నరు. సాయుధ పోరాటం చరిత్రలో పెద్ద పేరున్న ఆ కొట్లాట ఒక కౌలు కొట్లాట. దున్నిన పంట ఎవరిదన్న మాట.

తర్వాతిది జల్ది చెప్త, అందరికీ తెలిసిందే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. వందల జాగీర్లు ఒక్క కలం పోటుతో పోయినయి, జాగీర్దార్లకు కమ్యూటేషన్ అని నష్టపరిహారం ఇచ్చిండ్రు. ఊర్లల్ల ఇంకా పోరాటం ఆగలేదు. రైతును చల్లబరచాలంటే ఇంకేదో చేయాలని వెల్లోడి ప్రభుత్వం ఉన్నప్పుడు 1950 జూన్‌లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. 1950లో 21వ చట్టం. మన కథకు గుండెకాయ ఇదే.

ఆ చట్టంలో 34వ సెక్షన్ "రక్షిత కౌలుదారు" అని కొత్త మనిషిని పుట్టించింది. కచేరీలల్ల పీటీ అంటరు. ఎవరు ఈ పీటీ? సొంతంగా ఆరేండ్లు ఎడతెగకుండా కౌలుకు చేసినోడు. ఆ ఆరేండ్లు కూడా ఎప్పుడంటే అప్పుడు కాదు. 1342 నుంచి 1352 ఫస్లీల నడుమనన్నా ఉండాలె, 1948 జనవరి 1కి ముందు ఆరేండ్లన్నా కావాలె, లేదంటే 1353 ఫస్లీ మొదలైనంక పట్టి చట్టం వచ్చేనాటికి ఆరేండ్లు నిండాలె. ఆ తర్వాత 1955 సవరణతోని 37-ఎ అని చేర్చి, ఆ సవరణ అమల్లోకి వచ్చేనాడు కౌలులో ఉన్న మరికొందరిని కూడా రక్షిత కౌలుదార్లుగా లెక్కగట్టిండ్రు. అక్కడితో తలుపు మూసుకుంది. ఇది గట్టిగ చెప్తున్న: ఆ తలుపు 1950ల తర్వాత మళ్లీ తెరుచుకోలేదు. 2025లో నేను మీ చెలక మూడేండ్లు పట్టినా, ముప్పై ఏండ్లు పట్టినా నేను 34వ సెక్షన్ పీటీని కాలేను.

పీటీకి వచ్చిన హక్కులు చిన్నవి కావు. ఆయన చనిపోతే కౌలు హక్కు వారసులకు వస్తది. పట్టాదారు భూమి అమ్మదలిస్తే ముందుగా ఆయనకే నోటీసు ఇచ్చి అడగాలె. కావాలంటే తానే కొనుక్కోవచ్చు, ధర తెగకపోతే ట్రిబ్యునల్ తేలుస్తది. పట్టాదారు తనంత తానుగ దించేయడానికి వీల్లేదు. 32వ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, ఆర్డరు తెచ్చుకుని దించాలె. కౌలుదారు తనంత తానే వదిలిపెడ్తనన్నా నోటి మాట చెల్లదు. 19వ సెక్షన్ ప్రకారం రాతలో ఉండాలె, తహసీల్దారు ముందు ఒప్పుకోవాలె, మంచి మనసుతో వదులుకుంటున్నడని తహసీల్దారుకు నమ్మకం కుదరాలె.

చదువుతుంటే కడుపు నిండినట్టు ఉంటది గదా. ఇక ఊర్లల్ల అయ్యింది వినండి.

ఉస్మానియాలో అర్థశాస్త్రం చెప్పిన ఎ.ఎం. ఖుస్రో అని ఒక ఆచార్యులు జాగీర్ల రద్దు, భూసంస్కరణలు హైదరాబాదు ఊర్లల్ల ఏం చేసినయని సర్వే చేసి 1958లో పుస్తకం అచ్చు వేసిండు. అందులో ఉన్న లెక్క నేను చదివిన రోజు నిద్ర పట్టలేదు. 1951లో రక్షిత కౌలుదార్లుగా రాయబడ్డ నూరు మందిలో మూడు నాలుగేండ్లు తిరిగేసరికి పీటీలుగా మిగిలింది దాదాపు 45 మంది. భూమి కొనుక్కుని మాలిక్‌లయింది 12 మంది. కోర్టు, కచేరీ ద్వారా చట్టప్రకారం దించింది ముగ్గురి లోపే. చట్టం లేకుండ దించింది 22 మందిని. "స్వచ్ఛందంగా" వదులుకున్నోళ్లు 17 మంది.

ఆ స్వచ్ఛందం అన్న మాట దగ్గర జర ఆగండి. చేతికొచ్చిన భూమిని ఎవడన్నా తనంత తాను వదులుకుంటడా? పదిహేడు మంది ఒక్కసారి సన్యాసులైపోయిండ్రా? దొర ఇంటికి పిలిపించి, అప్పు గుర్తు చేసి, "మా దగ్గర బతికినోడివి, మా మీదనే కాగితం రాయిస్తవా" అని ఒక్క మాట అంటే చాలు. వేలిముద్ర పడుతది. మా దిక్కు దాన్ని రాజీనామా అనేది. ఉద్యోగం లేనోడు రాజీనామా ఇచ్చుడు మన దగ్గరే విన్న. మా మేనత్త మామగారు కూడా అట్ల ఒక కాగితం మీద ముద్ర వేసిండని ఆ ఇంట్ల చెప్పుకునేటోళ్లు. ఏ కాగితమో, దాంట్ల ఏమున్నదో ఆయనకే ఎరుక లేదు. దానికి బదులు రెండు బస్తాల జొన్నలు ఇచ్చిండ్రట. ఇది ఇంటి ముచ్చట, సాక్ష్యం నా దగ్గర లేదు, అందుకే ఎవరి పేరూ రాస్తలేను.

ఇంకో దిక్కు కూడా చూడాలె, లేకుంటే నేను ఒక పక్షం మాట్లాడినట్టు అయితది. పట్టాదార్లందరూ దొరలు కాదు. మొగదిక్కు లేని విధవ, చిన్న పిల్లలున్న ఇల్లు, పట్నంలో చిన్న నౌకరీ చేసుకునే మనిషి, వీళ్లు కూడా నాలుగెకరాలు నమ్మకంగా కౌలుకు ఇచ్చినోళ్లే. ఒకరోజు పొద్దున లేస్తే ఊర్ల చాటింపు: కౌలుదారు పేరు రిజిస్టరుకు ఎక్కింది, ఇక భూమి ఆయన చేతిలోనిదే అని. వాళ్ల గుండె జారదా? "రాసిస్తే భూమి పోతది" అన్న మాట ఆ రోజు ఆ ఇండ్లల్ల పుట్టింది. పెద్ద దొరలు ఆ మాటను తమకు పనికొచ్చేటట్టు ఊరంతా తిప్పిండ్రు, అది వేరే సంగతి.

అసలు దెబ్బ 1973లో పడింది. చట్టంలోకి సవరణగా వచ్చిన 38-ఇ అనే సెక్షన్ చాలా ఏండ్లు మన దిక్కు పండుకుని ఉండె. 1973 జనవరి 1 నుంచి దాన్ని అమలు చేసిండ్రు. దాని ప్రకారం రక్షిత కౌలుదారు చేతిలో ఉన్న భూమికి ఆ తేదీ నుంచి ఆయనే మాలిక్. అందరికీ అంతా కాదు. పట్టాదారుకు హద్దు మేరకు భూమి మిగలాలె, కౌలుదారుకు వచ్చేది ఒక కుటుంబ కమతం దాటొద్దు, ధర కట్టాలె, ఇట్ల షరతులున్నయి. ఆ ఏడాదే నవంబరు 1 నుంచి ఇనాం భూములు దున్నుతున్నోళ్లకు ఓఆర్సీలు ఇచ్చుడు మొదలైంది. ఈ రెండూ వేర్వేరు చట్టాలు, కలిపి మాట్లాడకండి. పట్టా భూమి మీద పీటీ అయితే 38-ఇ, ఇనాం భూమి అయితే ఓఆర్సీ.

38-ఇ సర్టిఫికెట్లు కొందరికి వెంటనే వచ్చినయి, కొందరికి పదేండ్లకు, కొందరికి ఇప్పటికీ రాలేదు. మరి సర్టిఫికెట్ రానోనికి హక్కు లేనట్టేనా? ఎనభైల చివర్ల ఉట్నూరు తహసీల్దారు మీద వేసిన సాదా కేసులో మన హైకోర్టు ఫుల్ బెంచి తేల్చిందేందంటే, హక్కు చట్టం ద్వారానే ఆ తేదీకి వచ్చేసింది, సర్టిఫికెట్ దానికి రుజువు మాత్రమే అని. 1989లో సుప్రీంకోర్టు కూడా కొటయ్య కేసులో ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. చట్టప్రకారం దించకుండ జులుంతోని దించితే, కౌలుదారు మనిషి భూమి మీద లేకున్నా చట్టం లెక్కల ఆయన ఉన్నట్టే అని. అంటే ఖుస్రో లెక్కల ఆ 22 మంది కథ అయిపోలేదన్నట్టు.

కానీ తీర్పు వచ్చేసరికి దేశం మారిపోయింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిండ్రు. ఆ తర్వాత ఖాజాగూడ, నానక్‌రాంగూడ, గచ్చిబౌలి దిక్కు ఎకరం ధర గుంట ధర అయింది, గుంట ధర గజం ధర అయింది. 2023 ఆగస్టులో కోకాపేటలో సర్కారు వేలంలో ఎకరం నూరు కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోయింది. రెండు బస్తాల జొన్నలకు వదులుకున్న భూములు అసొంటి నేల పక్కనే. ధర లేచినంక అందరికీ పాత కాగితాలు యాదికొచ్చినయి. పీటీ మనవడు వస్తడు, పట్టాదారు మనవడు వస్తడు, జాగీర్దారు ముని మనవడు కూడా వస్తడు. ఖుర్షీద్ జా పైగా వారసుల పంపకం దావా 1955లో పడి, 1958లో హైకోర్టుకు సి.ఎస్. 14 నంబరుతో ఎక్కి, 1963లో ప్రిలిమినరీ డిక్రీ అయింది. హఫీజ్‌పేట, హైదర్‌నగర్ భూముల తగాదాల్లో ఆ నంబరు ఇప్పటికీ వినపడ్తనే ఉంది.

మణికొండ జాగీర్ సంగతి ఇంకా పెద్దది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు సేవ కోసం ఇచ్చిన జాగీరు అది. 2006లో వక్ఫ్ బోర్డు దిక్కు నుంచి వచ్చిన సవరణ నోటిఫికేషన్‌తో 1,654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్ భూమి అన్నరు. అప్పటికే ఆ నేల మీద పెద్ద పెద్ద కంపెనీల బిల్డింగులు లేచినయి. పదహారేండ్లు కొట్లాట నడిచి, 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి సర్కారుదే అని తేల్చింది. జాగీర్ల రద్దుతో భూమి సర్కారుకు చేరింది, దర్గాకు రావాల్సింది కమ్యూటేషన్ సొమ్ము అన్నది తీర్పు సారం. నేను పైన చెప్పిన మాటే: జాగీరు అంటే శిస్తు తినే హక్కు, మట్టి మీద హక్కు కాదు. ఈ ఒక్క ముక్క తెలిసినోడు "జాగీర్దారు వారసుని దగ్గర కొన్న" అని ఎవడన్నా ప్లాటు అమ్మవస్తే దూరం పోతడు.

అట్లనే పాత పీటీ కుటుంబాలు ఎవరన్నా ఇది చదువుతుంటే ఒక మాట. "మీ తాత పీటీ ఉండె, మేం కేసు నడిపిస్తం, సంతకం పెట్టు" అని బ్రోకర్లు తిరుగుతున్నరు. జీపీఏ మీద సంతకం పెట్టిచ్చుకుని ఆ హక్కును ఇంకొకనికి అమ్ముకుంటరు. తాత వేలిముద్ర వేసి పోగొట్టుకుండు, మనం ఇంగ్లీషుల సంతకం చేసి పోగొట్టుకుంటం. సొంత వకీలు చదివి చెప్పందే పెన్ను పట్టకండి.

సరే, ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1950 భయం ఏం చేసిందంటే, కౌలు ఆగలేదు, కాగితం ఆగింది. ఆ చట్టం ఇప్పటికీ తెలంగాణలో బతికే ఉంది. దాని ప్రకారం పెద్ద భూస్వాములు కౌలుకు ఇచ్చుడు మీద ఆంక్షలున్నయి. విధవలు, మైనర్లు, వికలాంగులు, ఫౌజుల ఉన్నోళ్లు, మూడు కుటుంబ కమతాల లోపు ఉన్న చిన్న పట్టాదార్లు ఇయ్యొచ్చు. మనలో ఎక్కువ మంది ఈ లోపలనే వస్తరు. అంటే అడ్డుకునేది చట్టం కాదు, భయం.

ఆ భయానికి తోడు పన్నెండేండ్ల ముచ్చట ఒకటి. "పన్నెండేండ్లు చేస్తే భూమి వానిదైతది" అంటరు. అందుకే కొందరు రెండేండ్లకోసారి కౌలుదారును మారుస్తరు, భూమికి పెంట తోలిచ్చినోడు ఒకడు, పండించేటోడు ఇంకొకడు అయితున్నరు. పన్నెండేండ్ల లెక్క ఎవనికంటే, మాలిక్‌కు ఎదురుతిరిగి ఇది నాదే అని బహిరంగంగ కబ్జాల ఉన్నోనికి. కౌలుదారు మీ అనుమతితో దిగినోడు. ఏటా కౌలు ఇస్తున్నడంటే మీరే మాలిక్ అని ఏటా ఒప్పుకుంటున్నట్టు. కౌలులో ఉండి పట్టాదారు హక్కును కాదనడానికి సాక్ష్య చట్టమే ఒప్పుకోదు. ఇప్పుడు ఆలోచించండి: ఆయన కౌలుదారు అని రుజువు చేసేది ఏది? కాగితమే గదా! కాగితం లేకుంటేనే రేపు వాడు "నేను కౌలుదారును కాదు, మా తాత నాటి నుంచి కబ్జాల ఉన్న" అనే వీలు. రాసిస్తే భూమి పోదు, రాయకుంటేనే తగాదా వస్తది. అయితే ఒకటి మాత్రం నిజం, దాచను: రాసినంక గడువు నడుమల మనసు మారి గుంజుకునే వీలుండదు, గడువు తీరినా దిగకపోతే ట్రాక్టరు పెట్టి దున్నొద్దు, తహసీల్దారు దారి పట్టాలె. అది పట్టాదారుకు కష్టమే.

కౌలుదారు దిక్కు కష్టం మీకు చెప్పక్కరలేదు. 2011లో కౌలు సాగుదార్ల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు అన్నరు. ఏడాదికి ఒక్కసారి ఇచ్చే కార్డు, భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలనే రాసి ఉంది. అయినా భయం పోలేదు, మన దగ్గర కార్డులు ఇచ్చుడు దాదాపు ఆగింది. ఆంధ్రల 2019లో కొత్త చట్టం చేసి పదకొండు నెలల పత్రం పెట్టిండ్రు, అక్కడ కూడా పట్టాదారు సంతకం కావాలె కాబట్టి అదే చిక్కు. మన దగ్గర 2018ల రైతుబంధు పట్టాదారు పాసుబుక్కుకే ముడిపడ్డది. 2020ల ధరణితో అనుభవదారు కాలం పోయింది, దున్నేటోని పేరు రాసే గీత కూడా లేకుండ పోయింది. ఇప్పుడు రైతు భరోసా ఎకరానికి పంటకు ఆరు వేలు పడుతున్నయి, అవి కూడా పట్టాదారు ఖాతాలనే. వడ్లు, పత్తి అమ్మాలన్నా పాసుబుక్కు, ఆధారు, ఫోనుకు వచ్చే ఓటీపీ. పండించినోడు పట్టాదారు కొడుక్కు ఫోన్ చేసి "బాబూ, నంబరు వచ్చిందా" అని మార్కెట్ యార్డుల నిలబడి అడగాలె. 1950ల పట్వారీ పెన్ను ఇప్పుడు ఫోన్లకు వచ్చిందన్నట్టు.

ఇంకో సంగతి చూసి నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువదు. ఖాజాగూడల ఇప్పుడు పాత రైతుల పిల్లలే ఇంటి ఓనర్లు. హాస్టళ్లు, రూములు. ఒక్క రూము కిరాయికి ఇచ్చేటందుకు స్టాంపు పేపరు, పదకొండు నెలల అగ్రిమెంటు, ఆధార్ జిరాక్స్, రెండు నెలల అడ్వాన్సు, అన్నీ పక్కా. పది బై పది గదికి అంత కాగితం. అదే మనిషి శంకర్‌పల్లి దిక్కు ఉన్న పదెకరాలు మాత్రం నోటి మాట మీద ఇస్తడు.

రాసుకునేటోళ్లు ఏం రాసుకోవాలె? పెద్ద మాటలు వద్దు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు, ఎన్ని పంటలకు, మక్త అయితే ఎంత, బటాయి అయితే విత్తనం, ఎరువు ఖర్చు ఎవరిది, పాలు ఎంత. మోటరు, స్టార్టరు ఎవరు చేయించాలె. రైతు భరోసా ఎవరికి, వడగండ్లు పడి నష్టపరిహారం వస్తే ఎవరికి. ఈ చివరి రెండు రాసుకోకనే మన మండలంల ఎక్కువ పంచాయతీలు నడుస్తున్నయి. భరోసా పట్టాదారు తీసుకుంటే తీసుకోని, అంత మేరకు కౌలు తగ్గించమనండి. నష్టపరిహారం మాత్రం పెట్టుబడి పెట్టినోనిదే కావాలె, ఇది నా అభిప్రాయం, కొట్లాడతమన్నా ఇదే అంట.

అన్నిటికన్న ముఖ్యమైంది: పంట నడుమల భూమి అమ్ముడు పోతే ఏం జేయాలె. రీజినల్ రింగు రోడ్డు మాటలు మొదలైన కాడి నుంచి ఇది మన దిక్కు ముంచుకొస్తున్నది. రెండేండ్ల కింద మా పక్క చేను కౌలుదారు పత్తి పూత మీద ఉండంగ జేసీబీ దిగింది. పట్టాదారు ఒక వెంచరోళ్లకు అమ్మిండు, వాళ్లకు కౌలు సంగతి చెప్పలే. పది రోజుల్ల పత్తి చేనుల తెల్ల రాళ్లు పాతిండ్రు. కౌలుదారు ముందుగాల ఇచ్చిన నలభై వేలు పాయె, ఎరువుల బాకీ నెత్తి మీద మిగిలె. అడగబోతే "నీ దగ్గర కాగితం ఏదీ" అన్నరు. కౌలు ఉన్న భూమి కొన్నోడు ఆ కౌలును నెత్తినెత్తుకునే కొన్నట్టు లెక్క. కానీ కౌలు ఉందని చూపెట్టేదేది? అందుకే ఒక్క వాక్యం రాయించుకోండి: అమ్మినా సరే నిలిచి ఉన్న పంట కోసుకునేదాక కౌలుదారును కదిలించొద్దు, కదిలిస్తే పెట్టుబడి, ఇచ్చిన కౌలు తిరిగి ఇయ్యాలె. ఇద్దరు సాక్షుల సంతకాలు, చెరొక కాపీ. పైసలు ఇచ్చిన ప్రతిసారి రసీదన్నా రాయించుకోండి, లేకుంటే ఫోన్‌పేల వేసి "ఫలానా సర్వే నంబరు వానాకాలం కౌలు" అని రాసి పెట్టండి. వకీలుకు ఒకసారి చూపిస్తే ఇంకా మంచిది.

పాత పీటీ సంగతి తమ ఊర్ల ఎట్ల తెలుసుకోవాలని ఎవరికన్నా ఉంటే: తహసీల్ ఆఫీసుల 1950-51 నాటి రక్షిత కౌలుదార్ల రిజిస్టరు ఉంటది, దాని సర్టిఫైడ్ కాపీ అడగండి. దాంతోపాటు అదే సర్వే నంబరుకు 1954-55 ఖాస్రా పహాణీ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్ల మీ తాత పేరుండి రెండోదాంట్ల లేకుంటే, ఆ నాలుగేండ్ల నడుమ 19వ సెక్షన్ కింద రాజీనామా ఏదన్నా తహసీల్దారు ముందు అయ్యిందా అని ఫైలు అడగండి. ఫైలు ఉందంటే దాని కాపీ, లేదంటే లేదని రాతలో తీసుకోండి. ఎక్కువ పేర్లు ఉర్దూల ఉంటయి, చదివేటోళ్లు ఇప్పుడు తక్కువైండ్రు. ఊర్ల పెద్ద వయసు ముసలాయన ఎవరన్నా ఉర్దూ చదివినోడు ఉంటే ఇప్పుడే తోలుకపోండి.